సన్నని సంకేతాన్ని చదివిన శాస్త్రవేత్త - లార్డ్ కెల్విన్

ఒక అక్షరాన్ని చిన్న చిన్న సంకేతాలుగా విడగొట్టి, ఒకదాని వెనుక ఒకటిగా ఒకే తీగపై పంపడాన్ని సీరియల్ ప్రసారం అంటాము. ఆ సంకేతానికి ఎంత వోల్టేజి కావాలి? ఎంత ఉంటే చాలు? ఈ ప్రశ్నను సముద్రగర్భంలో ఎదుర్కొని సమాధానం చూపిన మహనీయుడు లార్డ్ కెల్విన్. ఆయన జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే మా ఉద్దేశం.

కెల్విన్ అసలు పేరు విలియం థామ్సన్. 1824 జూన్ 26న ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరంలో జన్మించారు. ఆరేండ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. గణితాచార్యులైన తండ్రే ఆయనకు తొలి గురువు. పదేండ్ల వయస్సులో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, కేంబ్రిడ్జిలో చదువు ముగించి, 1846లో, ఇరువది రెండేండ్లకే, గ్లాస్గోలో ఆచార్య పదవిని అలంకరించారు. 53 సంవత్సరాలు ఆ పీఠాన్ని విడువలేదు.

ఆ రోజుల్లో ఐర్లండు నుండి అట్లాంటిక్ మహాసముద్రం అడుగున న్యూఫౌండ్‌లాండు వరకు టెలిగ్రాఫు తీగ వేయాలని ఒక కంపెనీ సంకల్పించింది. నడుమ రాగితీగ, చుట్టూ గట్టాపెర్చా తొడుగు, దానిపైన సముద్రజలం: ఈ అమరిక మొత్తం ఒక పెద్ద కెపాసిటరు వలె విద్యుత్తును నిలువ చేసుకుంటుందనీ, అందుచేత సంకేతం అలికినట్లు చెదరి ఆలస్యంగా చేరుతుందనీ థామ్సన్ గ్రహించారు. తీగ పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలవుతుందని 1855లో ప్రకటించారు.

కంపెనీ విద్యుత్ నిపుణుడైన వైట్‌హౌస్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన ఈ సూత్రాన్ని అంగీకరించలేదు. వోల్టేజి పెంచితే సంకేతం దూసుకొని పోతుందని ఆయన నమ్మకం. 1858 ఆగస్టు 5న తీగ రెండు తీరాలనూ కలిపింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. తయారీలోనే లోపాలున్న ఆ తీగకు వైట్‌హౌస్ దాదాపు 2,000 వోల్టులు పట్టించారు. కొద్ది వారాలలోనే తీగ మూగబోయింది. ఎందరి శ్రమో, ఎంత ధనమో నీటిపాలయింది.

థామ్సన్ మార్గం వేరు. పంపే బలాన్ని పెంచడం కాదు, అందుకొనే సాధనానికి పదును పెట్టడం. చిన్న అద్దం వెనుక సన్నని అయస్కాంతపు ముక్కలు అతికించి, పట్టుదారంతో వ్రేలాడదీసి, దానిపై దీపకాంతి పడేటట్లు చేశారు. అతి స్వల్ప విద్యుత్తు ప్రవహించినా కాంతిబిందువు కొలబద్దపై ఒక ప్రక్కకు జరుగుతుంది. విద్యుత్తు దిశ మారితే రెండవ ప్రక్కకు. ఇదే దర్పణ గాల్వనామీటరు. 1866లో కొత్త తీగ విజయవంతమైంది. 1865లో తెగిన తీగ కూడా ఆ ఏడే పూర్తయింది. రెండింటినీ కలిపి, వెండి అంగుళిత్రాణంలో కొద్ది ఆమ్లం పోసి చేసిన బ్యాటరీతో లాటిమర్ క్లార్క్ అనే ఇంజనీరు సముద్రం దాటి తిరిగి వచ్చేటట్లు సంకేతాలు పంపారు. రెండువేల వోల్టులు చేయలేని పని అంగుళిత్రాణం చేసింది!

నేటి వలయాలలోనూ ధర్మం ఇదే. ఆర్.ఎస్.-232 ప్రమాణంలో అందుకొనే చివర +3 నుండి +15 వోల్టుల వరకు సున్న, -3 నుండి -15 వరకు ఒకటి. టి.టి.ఎల్. వలయాలలో 0.8 వోల్టు లోపు సున్న, 2 వోల్టులు దాటితే ఒకటి. రెండింటికీ మధ్య స్థాయిని మార్చే చిప్పు ఉండాలి. అది లేకుండా 12 వోల్టుల సంకేతాన్ని 3.3 వోల్టుల చిప్పుకు నేరుగా కలిపే విద్యార్థి వైట్‌హౌస్ దారినే నడుస్తున్నాడు. తీగ పొడవయ్యే కొలదీ వేగం తగ్గించుకోవలసి రావడానికీ కెపాసిటెన్సే ఒక ముఖ్య కారణం.

1866లో సర్ బిరుదం, 1892లో లార్డ్ పదవి ఆయనను వరించాయి. 1899లో ఉద్యోగ విరమణ చేసిన పిదప కూడా అదే విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా పేరు నమోదు చేయించుకున్నారు. 1907 డిసెంబరు 17న కన్నుమూసిన ఆయన వెస్ట్‌మినిస్టర్ ఆబేలో న్యూటన్ సమాధి చెంతనే విశ్రమిస్తున్నారు.

గట్టిగా అరచినంత మాత్రాన మాట చేరదు. వినేవానికి సూక్ష్మగ్రహణం ఉండాలి. ప్రయోగశాలలోనే గాక జీవితంలోనూ ఈ పాఠం మనకు మార్గదర్శకం కావాలని ఆశిస్తున్నాము.