పేరు తెచ్చిన వేషమే.. దారి మూసింది!

దెయ్యాన్ని చూసి భయపడాలో నవ్వాలో తెలియని సినిమాలు మీరు చాలానే చూసుంటారు. ఖర్చు తక్కువ, పెద్ద స్టార్లు అక్కర్లేదు, కామెడీ పండితే చాలు. ఈ తరహాకి హాలీవుడ్‌లో 1940ల్లోనే మంచి గిరాకీ ఉండేది. జనానికి అప్పటికే బాగా తెలిసిన డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, తోడేలు మనిషి లాంటి పాత్రల్ని తెచ్చి ఇద్దరు కమెడియన్ల మధ్య నిలబెట్టేవారు. అలాంటి సినిమాల్లో తరచూ కనిపించే ముఖం ఒకటుంది. ఆయన పేరు బేలా లుగోసి. సినిమా డ్రాక్యులా అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే రూపం ఆయనదే.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈయన కథ ఎందుకంటారా? ఒకే పనికి పేరు పడిపోతే ఏం వస్తుందో, ఏం పోతుందో ఈ జీవితంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

భాష రాకపోయినా..

లుగోసి 1882 అక్టోబరు 20న లుగోస్ అనే ఊళ్లో పుట్టారు. అప్పట్లో అది హంగరీ రాజ్యంలో ఉండేది, ఇప్పుడు రొమేనియాలో ఉంది. అసలు ఇంటిపేరు బ్లాస్కో. నాటకాల్లోకి వచ్చాక సొంత ఊరి పేరునే తన పేరుగా మార్చుకున్నారు. పన్నెండేళ్లకే బడి మానేసి గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేశారు. చిన్న నాటక బృందాల్లో మొదలుపెట్టి, 1913 నాటికి బుడాపెస్ట్‌లోని నేషనల్ థియేటర్‌లో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి గాయపడ్డారు కూడా.

1919లో హంగరీలో కొద్ది నెలలు కమ్యూనిస్టు ప్రభుత్వం నడిచింది. ఆ రోజుల్లో నటుల సంఘం కట్టడంలో లుగోసి ముందున్నారు. ఆ ప్రభుత్వం కూలిపోగానే ఆయనకి దేశం విడిచిపోక తప్పలేదు. వియన్నా, బెర్లిన్‌ల మీదుగా, ఓడలో పనివాడిగా 1920 డిసెంబరులో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ చేరుకున్నారు. అప్పటికి వయసు 38. అంటే ఒక దేశంలో సంపాదించుకున్న అనుభవమంతా పక్కన పెట్టి, మళ్లీ ఫ్రెషర్‌గా మొదలుపెట్టాల్సి వచ్చిందన్నమాట.

ఇంగ్లిష్ దాదాపు రాదు. అయినా 1922లో న్యూయార్క్‌లో ఒక ఇంగ్లిష్ నాటకంలో వేషం దొరికితే వదల్లేదు. డైలాగులకి అర్థం పూర్తిగా తెలియకపోయినా, శబ్దాన్ని బట్టి మొత్తం బట్టీపట్టి స్టేజీ ఎక్కేశారు. ఇంగ్లిష్ రాదని ఇంటర్వ్యూకి వెళ్లడానికే జంకేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

కోరుకున్న పని.. చవగ్గా

1927లో బ్రాడ్‌వేలో 'డ్రాక్యులా' నాటకం మొదలైంది. ప్రధాన పాత్ర లుగోసిది. అక్కడ 261 ప్రదర్శనలు నడిచింది. ఆ యాస, ఆ నిదానం, చూపు నిలిపే తీరు.. అంతకుముందు లోపం అనుకున్నవే ఆ పాత్రకి బలమయ్యాయి. యూనివర్సల్ స్టూడియో దాన్ని సినిమాగా తీద్దామనుకున్నప్పుడు ఆయన్ని వెంటనే పిలవలేదు. వేరే పేర్లు కూడా చూశారు. ఆ పాత్ర ఎలాగైనా తనకే రావాలని లుగోసికి తపన. చివరికి వారానికి 500 డాలర్ల చొప్పున ఏడు వారాలకి ఒప్పుకున్నారు. మొత్తం 3,500 డాలర్లు. 1931లో వచ్చిన ఆ సినిమా పెద్ద హిట్. లాభం స్టూడియోకి, పేరు లుగోసికి.

అదే ఏడాది 'ఫ్రాంకెన్‌స్టైన్'లో భూతం పాత్రకి మొదట ఆయన్నే అనుకున్నారు. ముఖం నిండా మేకప్, మాటల్లేని వేషం. అది ఆయనకి నచ్చలేదు. ఆయనే వద్దన్నారని కొందరు, కొత్తగా వచ్చిన దర్శకుడు మార్చేశాడని కొందరు చెబుతారు. ఏదైతేనేం, ఆ వేషం బోరిస్ కార్లోఫ్‌కి వెళ్లింది. రాత్రికి రాత్రి కార్లోఫ్ స్టార్ అయిపోయాడు. తర్వాత ఇద్దరూ కలిసి చేసిన సినిమాల్లో కూడా కార్లోఫ్ పేరే ముందు పడేది.

డ్రాక్యులా వచ్చిన మరుసటి ఏడాదే, 1932లో, లుగోసి దివాలా పిటిషన్ వేశారు. చేతిలో పని ఉంది, కానీ వచ్చేది తక్కువ, చేసే ఖర్చు ఎక్కువ. ఆ తర్వాత హారర్ సినిమాలకి గిరాకీ పడిపోయింది. బ్రిటన్‌లో వాటి మీద ఆంక్షలు రావడంతో 1937 ప్రాంతంలో స్టూడియోలు తీయడమే ఆపేశాయి. మిగతా నటులు వేరే రకం సినిమాలకి మళ్లారు. డ్రాక్యులాని మాత్రం మామూలు పాత్రకి పిలిచేవాళ్లే లేరు. ఇల్లు చేజారింది. 1938లో కొడుకు పుట్టినప్పుడు ఇతరుల సాయం మీద ఆధారపడాల్సి వచ్చింది.

అదే ఏడాది లాస్‌ఏంజెలెస్‌లో ఒక థియేటర్ 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' పాత ప్రింట్లని కలిపి వేస్తే జనం విరగబడ్డారు. స్టూడియో మళ్లీ మేల్కొంది. 1939లో 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆయనకి ఇగోర్ అనే పాత్ర దక్కింది. మెడ విరిగిన, గడ్డం పెరిగిన మొరటు మనిషి. డ్రాక్యులా ఛాయలు ఎక్కడా కనిపించవు. ఆయన చేసినవాటిలో ఉత్తమమైన నటన అదేనని చాలామంది అంటారు. ఛాన్స్ ఇస్తే వేరే పని కూడా చేయగలడని తేలింది. కానీ అలాంటి ఛాన్సులు ఆ తర్వాత పెద్దగా రాలేదు.

నవ్వించే సినిమాలో నవ్వని మనిషి

1940ల్లో ఆయనకి ఎక్కువగా పని ఇచ్చింది మోనోగ్రామ్ అనే చవక సినిమాల కంపెనీ. 'స్పూక్స్ రన్ వైల్డ్' (1941), 'ఘోస్ట్స్ ఆన్ ది లూజ్' (1943) లాంటి వాటిలో అల్లరి కుర్రాళ్ల గుంపుని భయపెట్టడమే ఆయన పని. తనకి పేరు తెచ్చిన వేషాన్నే కాస్త ఎగతాళి చేసుకుంటూ బతకాల్సిన పరిస్థితి.

అలాంటి టైమ్‌లో 1948లో 'అబ్బాట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది. భూతానికి పెట్టడానికి డ్రాక్యులాకి ఒక అమాయకుడి మెదడు కావాలి. ఆ అమాయకుడు లూ కాస్టెల్లో. తోడేలు మనిషిగా లాన్ చానీ జూనియర్, భూతంగా గ్లెన్ స్ట్రేంజ్ నటించారు. ఫీచర్ సినిమాల్లో లుగోసి డ్రాక్యులా పాత్ర వేసింది 1931 తర్వాత మళ్లీ ఇందులోనే. అప్పటికి ఆయనకి 65 ఏళ్లు.

వీలైతే ఆ సినిమా చూడండి. కామెడీ అంతా అబ్బాట్, కాస్టెల్లో దగ్గరే ఉంటుంది. లుగోసి మాత్రం ఒక్క సీన్‌లోనూ నవ్వు ముఖం పెట్టరు, తన పాత్రని తనే వెక్కిరించరు. పదిహేడేళ్ల కిందట చేసినంత సీరియస్‌గా చేస్తారు. సినిమా పండడానికి కారణం అదే. రాక్షసుడు నిజంగా రాక్షసుడిలా ఉంటేనే కాస్టెల్లో భయం మనకి నవ్వు తెప్పిస్తుంది. ఆ సినిమా పెద్ద హిట్ అయింది. 2001లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచదగిన చిత్రాల జాబితాలో చేర్చింది.

ఆ హిట్‌తో ఆ ఇద్దరు కమెడియన్లకి కొత్త దారి దొరికింది. అదృశ్య మనిషి, మమ్మీ అంటూ వరసగా సినిమాలు చేశారు. లుగోసికి మాత్రం దాదాపు మూడేళ్లు ఒక్క సినిమా కూడా రాలేదు. పని బాగా చేసినంత మాత్రాన ఫోన్ మోగదు. ఇది చేదు నిజం.

1951లో బ్రిటన్‌లో డ్రాక్యులా నాటకంతో ఊరూరా తిరిగారు. అక్కడే 'మదర్ రైలీ మీట్స్ ది వాంపైర్' అనే కామెడీ చేశారు. 1952లో 'బేలా లుగోసి మీట్స్ ఎ బ్రూక్లిన్ గొరిల్లా' వచ్చింది. కొద్ది రోజుల్లో, అతి తక్కువ డబ్బుతో చుట్టేసిన సినిమా అది. హీరోలిద్దరూ అప్పటి పాపులర్ కమెడియన్లని అనుకరించేవాళ్లు. పోస్టర్ మీద అమ్ముడయ్యే పేరు లుగోసి ఒక్కరిదే. అందుకే దాన్ని టైటిల్‌లోనే పెట్టేశారు.

దాచకుండా అడిగిన సాయం

నరాల నొప్పికి మొదలైన మార్ఫిన్ కొన్నేళ్లలో వ్యసనమైంది. 1955లో 72 ఏళ్ల వయసులో ఆయన తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి చికిత్స అడిగారు. అప్పట్లో సినిమావాళ్లు ఇలాంటివి బయటికి పొక్కనిచ్చేవారు కాదు. కొన్ని నెలలకి బయటికి వచ్చి మళ్లీ పనిలో దిగారు. 1956 ఆగస్టు 16న గుండెపోటుతో కన్నుమూశారు. డ్రాక్యులా కేప్‌తోనే సమాధి చేశారు.

కథ అక్కడితో ఆగలేదు. ఆయన రూపంతో బొమ్మలు, మాస్కులు అమ్ముతూ స్టూడియో సొమ్ము చేసుకుంటోందని భార్య, కొడుకు కోర్టుకెక్కారు. 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వాళ్లకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. బతికుండగా ఆయన తన రూపాన్ని అలా వ్యాపారానికి వాడుకోలేదు కాబట్టి ఆ హక్కు వారసులకి రాదని తేల్చింది. తర్వాత కొన్నేళ్లకి చనిపోయిన ప్రముఖుల రూపం మీద వారసులకి హక్కు ఇస్తూ ఆ రాష్ట్రం చట్టం చేసింది.

మీ సంగతికొస్తే..

మొదటి ఉద్యోగంలో మీకూ ఒక ముద్ర పడుతుంది. టెస్టింగ్ వాడు, సపోర్ట్ అమ్మాయి, సేల్స్ కుర్రాడు.. ఇలా. ఆ ముద్ర చెడ్డదేం కాదు. లుగోసికి పాతికేళ్లు తిండి పెట్టింది అదే. అయితే గిరాకీ ఉన్న రోజుల్లోనే పక్క పని ఒకటి నేర్చుకోండి, అది చేసి చూపించండి. గిరాకీ పడిపోయాక చూపిద్దామంటే చూసేవాళ్లు ఉండరు. ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఆనందంలో జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టేయకండి. బాండ్ ఎన్నేళ్లు, నోటీసు ఎన్ని నెలలు, మీరు చేసిన పని మీద హక్కు ఎవరిది.. ఈ మూడూ చదవండి. అర్థం కాకపోతే అడగండి. అడిగినంత మాత్రాన ఉద్యోగం పోదు.

ఇక చిన్న పని దొరికిందని తక్కువ మనసుతో చేయొద్దు. తన పాత్రని చూసి జనం నవ్వుకునే సినిమాలో కూడా ఆ పెద్దాయన కేప్ సర్దుకుని నిటారుగానే నిలబడ్డారు. ఇవాళ్టికీ జనం చూస్తున్నది దాన్నే.