సుజాన్ లెంగ్లెన్

సుజాన్ లెంగ్లెన్ (1899 మే 24 - 1938 జూలై 4) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ టెన్నిస్ క్రీడాకారిణి. 1919 నుండి 1926 వరకు మహిళల టెన్నిస్‌లో ఈమెకు సాటి రాగలవారు లేరనే చెప్పవచ్చు. వింబుల్డన్‌లో ఆరు పర్యాయాలు సింగిల్స్ విజేతగా నిలిచింది. 1926లో పారితోషికం తీసుకొని ఆడతానని బహిరంగంగా ఒప్పందం చేసుకొని ప్రొఫెషనల్ క్రీడాకారిణిగా మారింది. మహిళల టెన్నిస్‌లో అగ్రశ్రేణికి చెందినవారు ఈ విధంగా చేయడం అదే మొదలు. అప్పటికి ఆమె వయస్సు 27 సంవత్సరాలు. ఆ తరువాత వింబుల్డన్‌లో గానీ, ఫ్రెంచి పోటీలలో గానీ ఆడే అర్హత ఆమెకు లేకుండా పోయింది.

బాల్యం, శిక్షణ

సుజాన్ పారిస్ నగరంలో చార్లెస్ లెంగ్లెన్, అనైస్ దంపతులకు జన్మించింది. వీరిది కలిగిన కుటుంబం. గుర్రపు బస్సుల వ్యాపారం వల్ల సంక్రమించిన ఆస్తి ఉండేది. సుజాన్ చిన్నతనంలో ఉబ్బసంతో తరచు బాధపడుతూ ఉండేది. ఆరుబయట ఆటలు ఆడితే ఆరోగ్యం కుదుటపడుతుందని తలచిన తండ్రి 1910లో ఆమెకు ఒక రాకెట్ కొనిచ్చాడు. అప్పుడు ఆమెకు 11 ఏళ్ళు. శీతాకాలంలో ఈ కుటుంబం మధ్యధరా సముద్రతీరాన ఉన్న నీస్ పట్టణంలో గడిపేది. అక్కడ వీరి ఇంటికి ఎదురుగానే టెన్నిస్ క్లబ్బు ఉండేది.

తండ్రి స్వయంగా పేరున్న ఆటగాడు కాడు. అయితే క్లబ్బుకు వచ్చే మేటి ఆటగాళ్ళ ఆటను శ్రద్ధగా గమనించి, అందులోని మెళకువలను కుమార్తెకు నేర్పాడు. కోర్టులో ఒకచోట చేతిరుమాలు పరచి, బంతి సరిగా దానిమీదనే పడేటట్లు కొట్టమనేవాడు. గురి కుదిరిన తరువాత రుమాలును మరొక మూలకు మార్చేవాడు. ఆడవారి ఆట నెమ్మదిగా సాగే ఆ రోజులలో పురుషులతో సాధన చేయించేవాడు. బలంగా కొట్టడం కంటే, కోరిన చోట బంతిని వేయడమే ఆమె ఆటకు ప్రాణమైంది. తండ్రి శిక్షణ కఠినంగా ఉండేది. పొరపాటు జరిగితే నలుగురి ఎదుట మందలించడానికి కూడా ఆయన వెనుకాడేవాడు కాడు. ఆయన ఎదుట లేకుంటే సుజాన్ తడబడేదన్న మాట కూడా ఉంది. తరువాత జరిగిన ఒక సంఘటన దానికి బలం చేకూర్చింది.

1914లో, పదిహేను సంవత్సరాలు నిండిన కొద్ది రోజులకే, ఆమె ప్రపంచ హార్డ్‌కోర్ట్ పోటీలలో సింగిల్స్ విజేత అయింది. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభం కావడంతో పెద్ద పోటీలన్నీ ఆగిపోయాయి.

1919 వింబుల్డన్

యుద్ధానంతరం జరిగిన మొదటి వింబుల్డన్ ఇది. పచ్చికపై ఆడే పెద్ద పోటీలో సుజాన్ పాల్గొనడం అదే ప్రథమం. ఆ కాలంలో అక్కడ ఛాలెంజ్ రౌండ్ అనే పద్ధతి అమలులో ఉండేది. అనగా గత సంవత్సరపు విజేత కింది రౌండ్లు ఆడనవసరం లేదు. మిగిలిన వారిలో గెలిచి వచ్చిన వ్యక్తితో చివరి మ్యాచ్ మాత్రం ఆడితే సరిపోతుంది. 1914 విజేత డొరోథియా లాంబర్ట్ ఛాంబర్స్ అప్పటికే ఏడు సార్లు ఛాంపియన్. ఆమెకు 40 ఏళ్ళు, సుజాన్‌కు 20 ఏళ్ళు.

ఇంగ్లాండు రాజు ఐదవ జార్జి, రాణి మేరీ ఈ మ్యాచ్‌ను తిలకించారు. మొదటి సెట్టు 10-8తో సుజాన్‌కు, రెండవది 6-4తో ఛాంబర్స్‌కు దక్కాయి. మూడవ సెట్టులో ఛాంబర్స్ 6-5 ఆధిక్యంలోకి వచ్చి, 40-15 వద్ద విజయానికి ఒక్క పాయింటు దూరంలో నిలిచింది. అటువంటి తరుణంలో సుజాన్ కొట్టిన బంతి రాకెట్ చట్రానికి తగిలి, అదృష్టవశాత్తు నెట్ దాటి అవతల పడింది. రెండవ మ్యాచ్ పాయింటు నుండి కూడా బయటపడిన ఆమె ఆ సెట్టును 9-7తో గెలిచింది. మొత్తం 44 గేములు సాగిన ఈ పోటీ వింబుల్డన్ చరిత్రలో చిరకాలం చెప్పుకొన్న మ్యాచ్‌లలో ఒకటి.

ఆట మధ్యలో తండ్రి అందించిన కోన్యాక్ సారాయిని ఆమె సేవించడం, మోచేతుల వరకే ఉన్న రవికె, పిక్కల వరకే ఉన్న పావడా ధరించి ఆడటం అప్పటి ఆంగ్లేయ ప్రేక్షకులను విస్మయపరచాయి. అంతకు ముందు మహిళలు బిగుతైన కార్సెట్టు, చీలమండల వరకు జారే దుస్తులతోనే ఆడేవారు. ఆ తరువాతి సంవత్సరాలలో పారిస్ దర్జీ జాన్ పటూ ఆమె దుస్తులను రూపొందించాడు. తలకు చుట్టుకొనే రంగుల పట్టీ ఆమె గుర్తుగా మారింది. కోర్టులో నర్తకి వలె ఎగిరి బంతిని అందుకొనే తీరు ఎంతగా ఆకట్టుకొన్నదంటే, 1924లో డియాగిలేవ్ బృందం ప్రదర్శించిన లె ట్రెయిన్ బ్లూ అనే బ్యాలేలో టెన్నిస్ క్రీడాకారిణి పాత్రను ఈమెను చూసే మలచారు.

విజయ పరంపర

1919 నుండి 1923 వరకు వరుసగా ఐదు సార్లు, తిరిగి 1925లో వింబుల్డన్ సింగిల్స్ గెలుచుకొంది. అవే ఆరు సంవత్సరాలలో అమెరికాకు చెందిన ఎలిజబెత్ రయాన్‌తో కలిసి డబుల్స్ టైటిళ్ళు కూడా సాధించింది. మిక్స్‌డ్ డబుల్స్‌లో సాధించిన మూడింటితో కలిపి వింబుల్డన్‌లో ఆమె టైటిళ్ళు మొత్తం 15. 1924లో మాత్రం కామెర్ల వ్యాధి వల్ల పోటీ మధ్యలోనే విరమించుకోవలసి వచ్చింది. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో సింగిల్స్, మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణ పతకాలు, మహిళల డబుల్స్ కాంస్య పతకం గెలిచింది. అక్కడ సింగిల్స్ పోటీ మొత్తంలో ఆమె కోల్పోయినవి నాలుగు గేములే. 1925 వింబుల్డన్ సింగిల్స్‌లో ఐదు గేములు మాత్రమే వదులుకొంది. ఫ్రెంచి ఛాంపియన్‌షిప్‌లోకి విదేశీ క్రీడాకారులను అనుమతించిన 1925, 1926 సంవత్సరాలలో సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ మూడూ ఆమెవే.

ఆమె ఆట చూడటానికి వచ్చే జనానికి వింబుల్డన్‌లోని పాత మైదానం చాలలేదు. 1922లో చర్చి రోడ్డులోని విశాలమైన మైదానానికి పోటీలు మారడానికి ఈమె ఆకర్షణ కూడా ఒక ముఖ్య కారణంగా చెబుతారు.

యుద్ధానంతరం అమెచ్యూరుగా ఆడిన కాలంలో సింగిల్స్‌లో ఆమె ఓడిన మ్యాచ్ ఒక్కటే. 1921లో, యుద్ధంలో ధ్వంసమైన ఫ్రెంచి ప్రాంతాల సహాయార్థం నిధులు సేకరించడానికి ఆమె అమెరికా వెళ్ళింది. ఈ ప్రయాణం తండ్రికి ఇష్టం లేదు. ఆయన వెంట వెళ్ళలేదు, తల్లి మాత్రమే వెళ్ళింది. సుజాన్ అస్వస్థతతో ఉన్నప్పటికీ అమెరికా ఛాంపియన్‌షిప్‌లో పాల్గొంది. బలమైన క్రీడాకారులను వేరువేరు భాగాలలో ఉంచే సీడింగ్ పద్ధతి అప్పట్లో అక్కడ లేనందున, ఆమె ఆడిన మొదటి మ్యాచ్‌లోనే అమెరికా ఛాంపియన్ మోలా మాలరీ ఎదురయింది. మొదటి సెట్టు 2-6తో కోల్పోయి, రెండవ సెట్టు ఆరంభంలోనే దగ్గుతూ, కంటతడితో ఆట విరమించింది. ప్రేక్షకులు హేళన చేశారు. ఓటమి తప్పదని తెలిసి పారిపోయిందని పత్రికలు వ్రాశాయి. మరుసటి సంవత్సరం వింబుల్డన్ ఫైనల్‌లో అదే మాలరీని 6-2, 6-0తో ఓడించింది. దానికి అరగంట కూడా పట్టలేదు.

1926

ఈ ఒక్క సంవత్సరంలో ఆమె జీవితం పూర్తిగా మలుపు తిరిగింది. ఫిబ్రవరి 16న కాన్ పట్టణంలో అమెరికాకు చెందిన ఇరవయ్యేళ్ళ హెలెన్ విల్స్‌తో తలపడింది. టిక్కెట్లు దొరకనివారు చెట్లు, ఇంటి కప్పులు ఎక్కి చూశారు. రెండవ సెట్టులో విల్స్ కొట్టిన బంతి బయట పడిందని కేక వినిపించగా, ఆట ముగిసిందనుకొని ఇద్దరూ కరచాలనం కూడా చేసుకొన్నారు. ఆ కేక వేసినది తాను కాదని, ప్రేక్షకులలో ఎవరో అరిచారని లైన్ అంపైర్ చెప్పడంతో ఆట తిరిగి ప్రారంభమయింది. చేతికందిన విజయం జారిపోయినా నిబ్బరం కోల్పోకుండా సుజాన్ 6-3, 8-6తో నెగ్గింది. సింగిల్స్‌లో వీరిరువురూ తలపడినది ఈ ఒక్కసారే.

ఆ వేసవిలో వింబుల్డన్ నిర్వాహకులకు, ఆమెకు మధ్య మ్యాచ్ వేళల విషయమై వివాదం తలెత్తింది. మారిన వేళ తనకు తెలియలేదని ఆమె వాదన. ఆమె ఆలస్యంగా చేరుకొనేసరికి రాణి మేరీ ప్రేక్షకుల గ్యాలరీలో వేచి ఉంది. రాణిని అవమానించిందన్న ప్రచారంతో అంతవరకు నెత్తిన పెట్టుకొన్న జనమే ఎదురు తిరిగారు. సుజాన్ పోటీల నుండి వైదొలగింది. మళ్ళీ అక్కడ ఆడలేదు.

ఆ నాటి టెన్నిస్ అమెచ్యూర్ల ఆట. ఆటగాళ్ళు బహుమతి ధనం తీసుకోరాదు. ప్రయాణ ఖర్చుల పేరిట తెరచాటున సొమ్ము చేతులు మారడం అందరికీ తెలిసిన విషయమే అయినా, బహిరంగంగా తీసుకొంటే వెలి తప్పదు. గేటు వసూళ్ళు మాత్రం క్లబ్బులకు, సంఘాలకు చేరేవి. సొంత ఆస్తి ఉన్నవారికే అనువైన నియమమిది. తాను ఇన్నేళ్ళు ఆడి ఇతరులకు లక్షలు సంపాదించి పెట్టినా తనకు మిగిలింది ఏమీ లేదని సుజాన్ తన నిర్ణయాన్ని సమర్థించుకొంది. ఈ వాదనను తేలికగా కొట్టివేయలేము.

1926 ఆగస్టులో అమెరికా వ్యాపారి సి.సి.పైల్‌తో ఆమె ఒప్పందం చేసుకొంది. అందులోని మొత్తం 50,000 డాలర్లని ప్రసిద్ధి. ఆమెకు ప్రత్యర్థిగా అమెరికా మాజీ ఛాంపియన్ మేరీ బ్రౌన్‌ను, పురుషులలో విన్సెంట్ రిచర్డ్స్, పాల్ ఫెరే తదితరులను పైల్ చేర్చుకొన్నాడు. అక్టోబరు 9న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రారంభమైన తొలి ప్రదర్శనకు సుమారు 13,000 మంది హాజరయ్యారు. తరువాత నాలుగు నెలల పాటు ఉత్తర అమెరికా నగరాలలో ఈ బృందం పర్యటించింది. బ్రౌన్‌తో ఆడిన 38 మ్యాచ్‌లలోనూ సుజానే గెలిచింది. నిజానికి ఇదే ఆ పర్యటనకు లోటు కూడా అయింది. గెలుపు ఎవరిదో ముందే తెలిసిన ఆటపై ప్రేక్షకులకు ఆసక్తి సన్నగిల్లడం సహజం. 1927లో బ్రిటన్‌లో కొన్ని ప్రదర్శనలతో ఆమె ప్రొఫెషనల్ జీవితం ముగిసింది.

వింబుల్డన్‌ను నిర్వహించే ఆల్ ఇంగ్లాండ్ క్లబ్బు ఆమె గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసింది.

చివరి సంవత్సరాలు

తరువాత కొంతకాలం పారిస్‌లో క్రీడాదుస్తుల వ్యాపార సంస్థలో పనిచేసింది. 1935లో ఒక ఆంగ్ల చలనచిత్రంలో చిన్న పాత్ర పోషించింది. టెన్నిస్‌పై పుస్తకాలు, ఒక నవల ఆమె పేరుతో అంతకు ముందే వెలువడ్డాయి. జీవితపు చివరి దశలో పారిస్‌లో పిల్లలకు టెన్నిస్ నేర్పింది. 1938లో జాతీయ టెన్నిస్ పాఠశాలకు సంచాలకురాలిగా నియమించారు. ఆ పదవిలో ఆమె ఎక్కువ కాలం ఉండలేదు. తీవ్ర రక్తహీనతతో 1938 జూలై 4న, 39వ ఏట మరణించింది. అంతకు రెండు రోజుల ముందే హెలెన్ విల్స్ తన ఎనిమిదవ వింబుల్డన్ సింగిల్స్ టైటిల్ గెలుచుకొంది. సుజాన్ మృతదేహాన్ని పారిస్ సమీపంలోని సెయింట్ ఊవాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

ప్రొఫెషనల్ ఆటగాళ్ళకు వింబుల్డన్‌లో ప్రవేశం 1968లో లభించింది. ఆ సంవత్సరం మహిళల సింగిల్స్ విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌండ్లు, పురుషుల విజేత రాడ్ లేవర్‌కు 2,000 పౌండ్లు ఇచ్చారు. 1978లో సుజాన్ పేరును అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఫ్రెంచ్ ఓపెన్ మహిళల సింగిల్స్ విజేతకు బహూకరించే కప్పు ఆమె పేరు మీదనే ఉంది. పారిస్‌లోని రోలాండ్ గారోస్ ప్రాంగణంలో రెండవ పెద్ద కోర్టుకు 1997లో ఆమె పేరు పెట్టారు. ఆ ప్రాంగణం 1928లో ప్రారంభమైంది. అప్పటికి ప్రొఫెషనల్‌గా ముద్ర పడినందున, అక్కడి ఛాంపియన్‌షిప్‌లో ఆడే అవకాశం ఆమెకు ఎన్నడూ లభించలేదు.