నీళ్లు తగ్గాక కూడా ఉండిపోయిన క్లారా బార్టన్

చిన్నారులూ! రెడ్‌క్రాస్ గుర్తు మీరందరూ చూసే ఉంటారు. అమెరికాలో ఆ సంస్థను స్థాపించిన క్లారా బార్టన్ గురించి మీ స్కూల్లో ఇంగ్లీషులో చదివి ఉంటారు. ఆమె కథ ఈసారి మన తెలుగులో చెప్పుకుందాం.

క్లారా 1821 డిసెంబర్ 25న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో, ఐదుగురు పిల్లల్లో ఆఖరి సంతానంగా పుట్టింది. నలుగురిలో నోరు విప్పాలంటే బెదిరిపోయే పిల్ల. ఆమెకు పదకొండేళ్లప్పుడు అన్న డేవిడ్ ఎత్తు నుంచి పడి మంచం పట్టాడు. దాదాపు రెండేళ్లు ఆ చిన్నపిల్లే పక్కన కూర్చుని అన్నకు మందులిచ్చింది. పెద్దయ్యాక పంతులమ్మ అయింది. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేసింది. యుద్ధం ముగిశాక, ఇంటికి తిరిగిరాని బిడ్డల కోసం కుటుంబాలు రాసిన వేల ఉత్తరాలకు జవాబులిస్తూ, 20 వేల మందికి పైగా సైనికుల ఆచూకీ కనిపెట్టింది. 1881లో అమెరికన్ రెడ్‌క్రాస్‌ను ప్రారంభించింది.

1889 మే 31న భారీ వర్షాలకు పెన్సిల్వేనియాలో ఒక ఆనకట్ట తెగి, జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయింది. 2,200 మందికి పైగా చనిపోయారు. కొద్ది రోజులకే క్లారా తన బృందంతో అక్కడికి చేరింది. అప్పుడామెకు 67 ఏళ్లు. అన్నం పెట్టి, దుప్పట్లు పంచి వెళ్లిపోలేదు. సుమారు ఐదు నెలలు అక్కడే ఉంది. ఇల్లు పోయిన కుటుంబాల కోసం చెక్కతో పెద్ద వసతి గృహాలు కట్టించింది. మళ్లీ సంసారం మొదలుపెట్టడానికి కావలసిన సామాను సమకూర్చింది.

1893 ఆగస్టులో దక్షిణ కరొలైనా తీరంలోని సీ ఐలాండ్స్‌ను తుఫాను ముంచేసింది. దాదాపు 30 వేల మందికి తిండి, గూడు లేకుండా పోయాయి. వారిలో చాలామంది ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లజాతివారు. క్లారా వారికి తిండితో పాటు విత్తనాలు కూడా ఇచ్చింది. మగవాళ్లు పొలాల్లో నిలిచిన నీరు పోయేలా కాలువలు తవ్వుకున్నారు. ఆడవాళ్లు విరాళంగా వచ్చిన బట్టలను బాగుచేసి కుట్టారు. సాయం అందుకున్నవారే సాయం చేసేవారయ్యారు.

1900 సెప్టెంబర్‌లో గాల్వెస్టన్ పెనుతుఫాను వేలమందిని బలి తీసుకుంది. 78 ఏళ్ల వయసులో క్లారా అక్కడికీ వెళ్లింది. పంట పోయిన టెక్సస్ రైతులకు పది లక్షలకు పైగా స్ట్రాబెర్రీ మొక్కలు ఇప్పించింది.

సంస్థను నడిపే తీరు మీద, లెక్కల మీద విమర్శలు రావడంతో 1904లో ఆమె పదవి వదులుకుంది. 1912 ఏప్రిల్ 12న కన్నుమూసింది.

ఎక్కడో తుఫాను వచ్చిందని వినగానే మనం డబ్బు పంపుతాం, పాత బట్టలు సర్ది ఇస్తాం. అది మంచిదే. కానీ మనిషిని నీళ్లలోంచి బయటకు లాగడంతో పని పూర్తి కాదని, అతను మళ్లీ తన కాళ్ల మీద నిలబడాలని క్లారా జీవితం మనకు చెబుతోంది.

1977 నవంబర్ 19న మన దివిసీమలో వచ్చిన ఉప్పెన కూడా వేల ప్రాణాలు తీసింది. మీ అమ్మమ్మ, తాతయ్యలకు ఆ రోజులు గుర్తుండవచ్చు. ఈసారి ఫోన్ చేసినప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని మాత్రమే అడిగి ఊరుకోకండి. నీళ్లు తగ్గాక తోడుగా ఎవరు ఉన్నారో కూడా అడగండి. వాళ్లు చెప్పింది తెలుగులో రాసి తీసుకురండి. క్లాసులో అందరం కలిసి చదువుకుందాం.