మెట్లు వేయించిన పరదేశి



మన తిరువూరు చుట్టుపక్కల విచారణల నుండి మద్రాసు యాత్రకు వెళ్ళివచ్చినవారు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. బెజవాడలో రైలెక్కి అక్కడికి చేరినవారు శాంతోము దేవాలయం చూసుకొని, పునీత తోమాసు గారి కొండ కూడా ఎక్కిగాని తిరిగిరారు. జపమాల చెప్పుకొంటూ ఒక్కొక్క రాతిమెట్టు మీద అడుగు వేస్తూ పైకి వెళతారు. పైనున్న మరియమాత గుడి చరిత్ర, అక్కడి రాతి సిలువ కథ మనం వింటూనే ఉంటాం. మరి కాళ్ళ కింద ఉన్న ఆ మెట్లు ఎవరు వేయించారు? ఈ వారం ఆయన జీవితం తెలుసుకుందాం.

ఆయన పేరు కోజా పెట్రూస్ ఉస్కాన్. కోజా అంటే పేరున్న వర్తకులకు ఆ రోజుల్లో ఇచ్చిన గౌరవపదం. పెట్రూస్ అంటే మన పేతురే. ఆయన తమిళుడూ కాదు, తెలుగువాడూ కాదు, దొరా కాదు. అర్మేనియా జాతివాడు.

అర్మేనియా ప్రజలు లోకంలో అందరికంటే ముందుగా, నాలుగవ శతాబ్దం తొలినాళ్ళలోనే, క్రైస్తవాన్ని తమ రాజ్యమతంగా స్వీకరించినవారు. వారి చరిత్ర నిండా కష్టాలే. 1604-05లో పారశీక రాజైన షా అబ్బాసు, అరాస్ నది ఒడ్డున ఉన్న జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి అక్కడి ప్రజలను బలవంతంగా తన దేశంలోకి తరలించాడు. వారు ఇస్ఫహాన్ నగరం పక్కనే కొత్త జుల్ఫా అనే పేట కట్టుకొన్నారు. ఉన్న ఊరు పోయినా పాత పేరు వదులుకోలేదు. అక్కడ నిలదొక్కుకొని, పట్టు వ్యాపారంతో దేశదేశాలకూ విస్తరించారు. ఆ కొత్త జుల్ఫాలోనే 1680 ప్రాంతంలో మన పేతురు జన్మించాడు.

అర్మేనియా వర్తకులు మన తెలుగునేలకు కొత్తవారేమీ కాదు. ఆ 17వ శతాబ్దంలోనే గోల్కొండ రాజ్యంలోనూ, మన మచిలీపట్నం రేవులోనూ వారు వ్యాపారాలు చేశారు. హైదరాబాదు ఉప్పుగూడలో వారి పాత సమాధులు ఉన్నాయి. 1688లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారితో ఒప్పందం చేసుకొంది. కంపెనీ పట్టణాల్లో స్వేచ్ఛగా కాపురముండి వర్తకం చేసుకొనే హక్కు దానివల్ల వారికి వచ్చింది. నలభై మందికి పైగా అర్మేనియన్లు ఉన్నచోట వారికి గుడి కట్టించి ఇస్తామని కూడా కంపెనీ మాట ఇచ్చింది. ఆ విధంగా మద్రాసుకు వచ్చి స్థిరపడినవారిలో ఉస్కాన్ ఒకడు. ఆయన అక్కడ నిలదొక్కుకొనేది 1720 తర్వాతి సంవత్సరాలలో. మద్రాసు నుండి ఫిలిప్పీన్సులోని మనీలాకు బట్టలు పంపించే సముద్ర వర్తకంలో ఆయనది పెద్ద చెయ్యి. తన జాతివారిలో చాలామంది అర్మేనియా సభకు చెందినవారు కాగా, ఉస్కాన్ మాత్రం రోము పోపుగారి విధేయతలో ఉన్న కతోలికుడు.

సంపాదించినవారు ఎందరో ఉంటారు. ఉస్కాన్ ఎందుకు గుర్తుండిపోయాడో చూడండి.

మద్రాసు నుండి తోమాసు గారి కొండకు వెళ్ళాలంటే దారిలో అడయారు నది దాటాలి. సైదాపేట దగ్గర అప్పట్లో వంతెన లేదు. ఆ ప్రాంతంలో పెద్ద వానలు కురిసేది అక్టోబరు నుండి డిసెంబరు దాకా. కొండమీది మరియమాత పండుగ వచ్చేది డిసెంబరు 18న. అంటే ఏరు నిండుగా పారే రోజుల్లోనే యాత్రికులు దాన్ని దాటవలసి వచ్చేది. పిల్లాపాపలతో, ముసలివారితో వచ్చే కుటుంబాల అవస్థ ఎట్లా ఉంటుందో ఏరు దాటడం ఎరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఉస్కాన్ 1726లో ఆ నది మీద రాతి వంతెన కట్టించాడు. మార్మలాంగ్ వంతెన అని దానికి పేరు. అందుకు ఆయన ఖర్చుపెట్టినది 30,000 వరహాలు. వరహా అంటే బంగారు నాణెం. కొండ పాదం నుండి శిఖరం దాకా రాతిమెట్లు వేయించినది కూడా ఆయనే. వంతెన దగ్గర ఒక శిలాఫలకం పెట్టారు. దాని మీద అర్మేనియా, పారశీక, లాటిన్ భాషలలో అక్షరాలు చెక్కారు. ఈ వంతెన జనహితం కోసం కట్టబడిందని అందులో ఉంది. యాత్రికుల కోసమని కాదు, తన జాతి కోసమని కూడా కాదు, జనులందరి కోసం. కొండకు వెళ్ళే భక్తుడూ, సంతకు వెళ్ళే రైతూ, ఏ మతంవాడైనా ఏ కులంవాడైనా దాని మీదుగానే నడిచాడు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఉస్కాన్ వంతెన కట్టించి చేతులు దులుపుకోలేదు. ఆ తర్వాతి మరమ్మతుల కోసమని మరో 1,500 వరహాలు నిధిగా కేటాయించాడు. రాయి కూడా కదులుతుందని, వరదకు గోడ కూడా బీటలు తీస్తుందని, తాను పోయాక దాన్ని చూసుకొనే దిక్కు ఉండాలని ముందే ఆలోచించాడు.

ఆయన జీవితం చివరిదాకా సుఖంగా సాగలేదు. 1746 సెప్టెంబరులో ఫ్రెంచివారు మద్రాసు కోటను పట్టుకొన్నారు. తమకు విధేయుడుగా ఉంటే ఆస్తికి ఢోకా లేదని ఉస్కాన్‌కు తెలియజేశారు. ఫ్రెంచివారు కూడా కతోలికులే. ఆయన ఒప్పుకొని ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. అయినా ఇంతకాలం తనకు నీడనిచ్చిన ఇంగ్లీషువారికి ఇచ్చిన మాట తప్పడానికి ఆయన మనసు అంగీకరించలేదు. ఫలితంగా ఆస్తి జప్తయింది. అప్పటికే అరవై దాటిన ఆ మనిషి డేనిష్‌వారి ఏలుబడిలో ఉన్న తరంగంబాడికి వెళ్ళి తలదాచుకొన్నాడు.

ఒడంబడిక ప్రకారం 1749లో మద్రాసు మళ్ళీ ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఉస్కాన్ తిరిగివచ్చాడు. కాని అప్పటికి కంపెనీవారికి కతోలికుల మీద అనుమానం ముదిరింది. ఫ్రెంచి కపూచిన్ గురువులు శత్రువులకు సాయపడ్డారని నింద వేసి వారి గుడిని స్వాధీనం చేసుకొన్నారు. కతోలికులూ అర్మేనియన్లూ కోటలోని తెల్లవారి పేటలో ఉండరాదన్నారు. ఒక్క ఉస్కాన్‌కు మాత్రం ఆయన విశ్వాసపాత్రతను గుర్తించి మినహాయింపు ఇచ్చారు. తనవారందరినీ వెళ్ళగొట్టి తనను ఒక్కడినే ఉండనిచ్చిన ఆ గౌరవం ఆయనకు తీపి అయిందో చేదు అయిందో మీరే ఊహించండి.

1751 జనవరి 15న సుమారు డెబ్బై ఏళ్ళ వయసులో ఉస్కాన్ పరమపదించాడు. వేపేరిలో తాను కట్టించిన అద్భుతాల మాత గుడి దగ్గర ఆయన దేహాన్ని సమాధి చేశారు. గుండెను మాత్రం ఆయన కోరిక ప్రకారం ఒక పెట్టెలో ఉంచి, సముద్రం దాటించి, పుట్టిన ఊరు జుల్ఫాకు పంపించారు. దేహం బతుకునిచ్చిన నేలకు, గుండె జన్మనిచ్చిన నేలకు. కువాయిట్టులోనో మరెక్కడో పనిచేస్తున్న మన పిల్లలకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

ఆయన పోయిన మరుసటి సంవత్సరమే, 1752లో, ఆ వేపేరి గుడిని కంపెనీవారు కతోలికుల చేతినుండి తీసి ప్రొటెస్టెంటు మిషనరీ ఫబ్రీషియస్‌కు అప్పగించారు. నేడు అక్కడ ఉన్నది చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా వారి పునీత మత్తీయ దేవాలయం. ఉస్కాన్ సమాధి ఆ ప్రాంగణంలోనే ఉంది. కట్టిన గుడి చేతులు మారింది, ఆస్తిలో చాలా భాగం ఫ్రెంచివారి పాలైంది. వంతెన మాత్రం రెండు వందల ఏళ్ళకు పైగా జనానికి దారి ఇచ్చింది. 1960 దాటాక దాని స్థానంలో కొత్త వంతెన వచ్చింది. మెట్ల దారిన జనం ఇప్పటికీ కొండ ఎక్కుతూనే ఉన్నారు.

మన విచారణల్లో కూడా దానం చేసే చేతులు తక్కువేమీ కాదు. మాత గుహ కట్టిస్తాం, గంట వేయిస్తాం, ప్రహరీ లేపుతాం, పేరు చెక్కిస్తాం. పదేళ్ళు తిరిగేసరికి గుహలో రంగు ఊడుతుంది, గంటతాడు తెగుతుంది. అది ఎవరి పని అని ఒకరి ముఖం ఒకరు చూసుకొంటాం. ఈసారి ఏదైనా కట్టే ముందు, దాని మరమ్మతులకు ఎంత తీసి పక్కన పెట్టాలి, ఎవరు చూసుకోవాలి అని కూడా విచారణ పెద్దలు లెక్క వేసుకొంటే మంచిది. ఎక్కడినుండో వచ్చిన ఒక పరదేశి, మూడు వందల ఏళ్ళ కిందటే ఆ లెక్క వేశాడు గదా!