కొలిచి చూసిన వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

ఇక్కడ గలాలీలో మా వంటింటి అలమరలో ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చిన చూర్ణాలు నాలుగైదున్నాయి. ఒకదానికి లేబులే లేదు. అందులో ఏముందని మొన్న మా అబ్బాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ప్రొఫెసరుగారికి కోపం తెప్పించి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన సోదరులిద్దరిని బలి తీసుకుంది. అదే జబ్బు తనకూ వస్తే, ఆయుర్వేద వైద్యంతో కాపాడింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారని జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. ఆ వైద్యాన్ని ఆధునిక పరిశోధనతో నిలబెట్టాలన్నది ఆయన తపన.

1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. నమూనాలో రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. తెలిసిన కొలత ఉన్న ద్రావణం పక్కన పెట్టి పోల్చడమే. విద్యార్థులు నేటికీ నేర్చుకునే పద్ధతి ఇది.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. ఆ పేరు ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆకుకూరల్లో ఉన్న ఆ గుణం కొలిచి ఇవ్వగల మందయింది. సోదరులను మింగిన స్ప్రూ రోగులకూ పనికొచ్చింది. బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్తకేన్సరుకు అమినోప్టెరిన్ కూడా ఆ బృందం కృషే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు.

ఆయన కొలవడం నేర్చుకున్న ఆ బోస్టన్ పరిసరాల దుకాణాల్లోనే, 2003లో పరిశోధకులు 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షించారు. 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. కొన్ని మందుల్లో లోహాలను భస్మాలుగా కావాలనే కలుపుతారు. కొన్నిట్లోకి మట్టి నుంచో, తయారీలోనో చేరతాయి. ఒకే మూలిక కూడా నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారుతుంది. సరైన మొక్కేనా, గుణమెంత, బూజు పట్టిందా, లోహాలున్నాయా అన్నది ల్యాబులోనే తేలుతుంది.

పరీక్ష పెట్టడమంటే మన వైద్యాన్ని అవమానించడం కాదు. ఆయుర్వేదం వల్ల బతికిన మనిషే జీవితమంతా కొలుస్తూ గడిపాడు. కాబట్టి ఈసారి ఊరి నుంచి మందు తెచ్చుకునేటప్పుడు తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. వాడుతున్నట్టు మీ డాక్టరుకూ చెప్పండి. లేబుల్ లేని మా డబ్బా మాత్రం చెత్తబుట్టలోకి వెళ్ళింది.