గని నుంచి వచ్చిన మంత్రి – జిమ్ గ్రిఫిత్స్

పిల్లలూ! సింగరేణి బొగ్గు గనుల గురించి మీ తాతయ్యో అమ్మమ్మో ఎప్పుడో చెప్పే ఉంటారు. మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు అలాంటి గనులు వందలకొద్దీ ఉండేవి. వేల్స్‌లోని అలాంటి ఒక గనిలోకి 13 ఏళ్ళ వయసులో దిగిన ఒక కుర్రవాడు, పెద్దయ్యాక మంత్రి అయి, పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి ప్రభుత్వమే భృతి ఇచ్చే చట్టాన్ని తెచ్చాడు. ఆయనే జిమ్ గ్రిఫిత్స్. మన సంచికలో గాంధీగారి గురించీ, చర్చిల్ గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈయన గురించి రాసేవాళ్ళు తక్కువ కనుక ఈసారి ఆ పని మేము పెట్టుకున్నాము.

ఆయన 1890 సెప్టెంబరు 19న అమన్‌ఫర్డ్ పక్కనున్న బెటూస్ గ్రామంలో పుట్టారు. తండ్రి విలియం ఊరి కమ్మరి. ఇంట్లో మాట్లాడేది వెల్ష్ భాష, ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అంటే ఎలా ఉంటుందో మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు కదా!

1908 జనవరిలో దగ్గరలోని పాంటిఫినన్ గనిలో పేలుడు జరిగింది. జిమ్ అన్న గ్విలిమ్ అందులో చనిపోయారు. మరో అన్న డేవిడ్ తీవ్రంగా గాయపడ్డారు. ఆ డేవిడ్ తరువాతి కాలంలో అమన్వీ అనే పేరుతో వెల్ష్ కవిగా ప్రసిద్ధి చెందారు. ఒక బడిలో కేర్‌టేకర్‌గా కూడా పనిచేశారు. ప్రతి శనివారం మనకు తాళాలు తీసి, హీటింగ్ వేసి పెట్టే కేర్‌టేకర్‌గారిని చూసినప్పుడల్లా మాకు ఆయన గుర్తుకు వస్తారు.

అప్పటికి గాయపడిన పనివాళ్ళకు చట్టమే లేదా అంటే, ఉంది. 1897లో వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం ప్రకారం, ప్రమాదం యజమాని తప్పు వల్ల జరిగిందని నిరూపించకపోయినా పరిహారం రావాలి. అంతకు ముందు ఆ అవకాశం లేదు కాబట్టి అది గొప్ప మార్పే. (1923లో మన దేశంలో వచ్చిన ఇలాంటి చట్టానికి కూడా బ్రిటన్ చట్టమే నమూనా.) అయితే వచ్చేది జీతంలో సగం, అదీ వారానికి ఒక పౌనుకు మించకుండా. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ డబ్బు ఇవ్వవలసింది యజమాని లేదా ఆయన బీమా కంపెనీ కావడం. అంటే కాలు విరిగి మంచం మీద ఉన్న మనిషి, రేపు మళ్ళీ తనకు పని ఇవ్వవలసిన యజమానితోనే తగాదా పడాలి. తేలికపాటి పని చేయగలడని డాక్టరు రాస్తే, ఆ పని దొరికినా దొరకకపోయినా, డబ్బు తగ్గిపోయేది. ఇంట్లో పొయ్యి వెలగని రోజున, ఒక్కసారిగా కొంత ముట్టజెప్పి లెక్క తేల్చేస్తామంటే కాదనగలిగేవారు ఎందరు?

జిమ్ 1919 నుంచి 1921 వరకు లండన్ సెంట్రల్ లేబర్ కాలేజీలో చదువుకున్నారు. 1925లో గనికార్మికుల సంఘానికి ఏజెంటు అయ్యారు. ప్రమాదాల కేసులు, పరిహారం తగాదాలు చూడడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. ఆ అనుభవమే తరువాత చట్టానికి పునాది అయిందని మా అభిప్రాయం. 1934లో దక్షిణ వేల్స్ గనికార్మికుల సమాఖ్యకు అధ్యక్షుడయ్యారు. 1936లో లనేథ్లీ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, 1970 వరకు సభ్యుడిగా ఉన్నారు.

1945లో అట్లీ ప్రభుత్వంలో ఆయన జాతీయ బీమా మంత్రి. 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక, యుద్ధకాలపు ప్రభుత్వం వేసిన ప్రణాళిక అప్పటికే ఉన్నాయి కనుక ఘనత అంతా ఆయన ఒక్కరిదే అనడం సరికాదు. కానీ చట్టాన్ని సభలో నెగ్గించింది ఆయనే. 1946 నాటి పారిశ్రామిక గాయాల చట్టం 1948 జూలై 5న, అంటే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైన రోజునే, అమలులోకి వచ్చింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ వేసే నిధి నుంచి డబ్బు వస్తుంది. ఎంత జీతం పోయిందని కాక, శరీరం ఎంత దెబ్బతిన్నదని చూస్తారు. నూటికి నూరు శాతం వైకల్యం అయితే వారానికి 45 షిల్లింగులు. యజమాని గుమ్మం ఎక్కే పని తప్పింది.

1964లో, 74 ఏళ్ళ వయసులో, ఆయన వేల్స్‌కు మొట్టమొదటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ అయ్యారు. 1975 ఆగస్టు 7న కన్నుమూశారు.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇంగ్లాండు, వేల్సులలో ఆ భృతి నేటికీ ఉంది. తప్పు ఎవరిదని అడగరు, ఉద్యోగం చేస్తూ కూడా పొందవచ్చు. మామూలుగా వైకల్యం కనీసం 14 శాతం ఉందని తేలాలి. కొన్ని వృత్తి సంబంధమైన జబ్బులకూ వర్తిస్తుంది. స్వయం ఉపాధిలో ఉన్నవారికి మాత్రం రాదు. టాక్సీ నడిపే మన సోదరులలో చాలామంది ఇలా బయటే ఉండిపోతున్నారు, ఇది మాకు న్యాయంగా తోచదు. యజమాని తప్పు ఉంటే కోర్టులో విడిగా దావా వేయవచ్చు, దానికి సాధారణంగా మూడేళ్ళ గడువు.

మా బడికి వచ్చే ఒక నాన్నగారు గోదాములో పెట్టె ఎత్తుతూ నడుం పట్టుకుపోయినా, ఉద్యోగం పోతుందేమోనని యాక్సిడెంట్ బుక్‌లో రాయించలేదు. జీపీ దగ్గరకు వెళ్ళినది కూడా మూడు వారాల తరువాతే. అది పనిలో తగిలిన దెబ్బే అని చూపించడానికి, పక్కన పనిచేసిన ఒక పోలండ్ మిత్రుడి సాక్ష్యం తప్ప ఆయన చేతిలో ఏమీ మిగలలేదు.