ప్రభువుల సభ కోరలు పీకిన ఆస్క్విత్

హెర్బర్ట్ హెన్రీ ఆస్క్విత్ 1852లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతాన మోర్లీ అనే ఊళ్లో జన్మించాడు. ఉన్ని వ్యాపారి కొడుకు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డులో చేరి, 1874లో అక్కడి చర్చావేదిక ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌కు అధ్యక్షుడయ్యాడు. యూనియన్ మిత్రులు గమనించాలి, అక్కడ సానబట్టిన నోరే తర్వాత పార్లమెంటులో అక్కరకొచ్చింది. బారిస్టరై, 1886లో కామన్స్ సభకు ఎన్నికై, 1892లో హోంమంత్రి, 1908లో ప్రధానమంత్రి అయ్యాడు.

ఆనాటి బ్రిటన్‌లో ప్రజలెన్నుకున్న కామన్స్ సభ పంపిన బిల్లునైనా ప్రభువుల సభ తిప్పికొట్టగలిగేది. ఆ ప్రభువులకు ఓటరుతో పనేమిటి? తాత లార్డు గనక తండ్రి లార్డు, తండ్రి లార్డు గనక కొడుకు లార్డు! 1909 జనవరిలో డెబ్బయ్యేళ్ల పేద వృద్ధులకు వారానికి 5 షిల్లింగుల పింఛను మొదలైంది. దానికీ, యుద్ధనౌకలకూ డబ్బు కావాలి. ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి భూముల మీద, పెద్ద ఆదాయాల మీద కొత్త పన్నులు వేశాడు. పెద్ద పెద్ద భూములన్నీ ఎవరివి? లార్డులవే. నవంబరులో 350–75 ఓట్లతో ఏకంగా బడ్జెట్టునే త్రోసిపుచ్చారు.

ఆస్క్విత్ 1910లో రెండుసార్లు ఎన్నికలకు వెళ్లాడు. సొంత మెజారిటీ పోయినా ఐరిష్, లేబర్ సభ్యుల అండతో నిలబడ్డాడు. లార్డులు మొండికేస్తే వందలాదిమంది కొత్త లార్డులను సృష్టించేట్టు అయిదవ జార్జి రాజు దగ్గర రహస్యంగా మాట తీసుకున్నాడు. అందుకు తయారైన జాబితాలో నవలాకారుడు థామస్ హార్డీ, తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ పేర్లు కూడా ఉన్నాయి! 1911 జూలైలో ప్రతిపక్షం వారు అరగంటసేపు గోలచేసి ఆయన్ని సభలో నోరెత్తనివ్వలేదు. చివరికి ఆగస్టు 10న, 131–114 ఓట్లతో, లార్డులే తల వంచారు. ఇక ద్రవ్యబిల్లును నెలకు మించి, మిగతా బిల్లుల్లో దాదాపు దేన్నీ రెండేళ్లకు మించి ఆపడానికి అప్పట్లో వీల్లేకుండా పోయింది. మన రాజ్యసభ అయితే ద్రవ్యబిల్లును 14 రోజులే ఉంచుకోగలదు.

ఇంత చేసినవాడు అసలు పని సగంలో వదిలేశాడు. వారసత్వం స్థానంలో ప్రజాబలం మీద నిలిచే సభను ఏర్పరచాలన్న ఉద్దేశం ఆ చట్టం పీఠికలోనే ఉంది. ఆయన హయాంలో అది కాగితం దాటలేదు. 1999లో గాని వారసత్వపు లార్డుల్లో ఎక్కువమందిని బయటికి పంపలేదు, అప్పుడూ 92 మందిని ఉంచారు. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ప్రజల ఓటు కోసం లార్డులతో తలపడ్డ ఈ పెద్దమనిషికి ఆ ప్రజల్లో స్త్రీలు కనిపించలేదు. వాళ్లకు ఓటివ్వడాన్ని ఏళ్ల తరబడి వ్యతిరేకించాడు.

1916 ఆయనకు చెడ్డ సంవత్సరం. సెప్టెంబరులో పెద్దకొడుకు రేమండ్ ఫ్రాన్సు యుద్ధరంగంలో చనిపోయాడు, డిసెంబరులో పదవి పోయింది. 1918లో ఓడాడు, 1920లో గెలిచాడు, 1924లో మళ్లీ ఓడాడు. 1925లో ఎర్ల్ బిరుదు పుచ్చుకుని, తాను కోరలు పీకిన సభలోకే వెళ్లి కూర్చున్నాడు. 1928 ఫిబ్రవరి 15న కన్నుమూశాడు. బిరుదు వారసత్వంగా, రేమండ్ కొడుకైన పదకొండేళ్ల మనవడికి దక్కింది.